ముట్టు రోజుల్లో టీ గ్లాసు
(మహిళా పొదుపు సంఘాల కోసం చెప్పిన మాటలు)



ఈ రోజు మాట టీ గురించి. ముట్టు గురించి కూడా. రెండూ ప్రతి ఇంట్లో ఉన్నవే. టీ గురించి అందరూ గట్టిగా మాట్లాడతారు. ముట్టు గురించి మాత్రం చెవిలో చెప్పుకుంటారు. కానీ ఈ రెండింటికీ సంబంధం ఉంది. అది ఆడదాని ఒంట్లోని రక్తానికి సంబంధించిన సంగతి. అందుకే గట్టిగానే మాట్లాడుకోవాలి.

"ముట్టులో టీ తాగొచ్చా?" నలుగురు ఆడవాళ్లు కూడిన చోట ఈ ప్రశ్న వస్తుంది. జవాబులు మాత్రం ఒక్కటిగా ఉండవు.

"టీ వేడి సేస్తాది. తాగితే రకతం ఎక్కువ పోతాది" అంటుంది ఒక ముసలమ్మ.

"ఏటీ అవదు. వేడి వేడిగా తాగితే కడుపునొప్పి తగ్గుతాది" అంటుంది ఇంకొకామె.

"ఆ మూడు రోజులూ నాకు టీయే తిండి" అంటుంది ఉభాలకు వెళ్లే ఒక పిల్ల.

మూడు మాటలూ ఎక్కువ ఇళ్లలో వినబడేవే. ఇందులో ఏది నిజం? ఏది భయం? ఏది ప్రమాదం? ఒక్కొక్కటీ చూద్దాం.

ముసలమ్మ మాట

టీ తాగితే ముట్టు రక్తం ఎక్కువ పోతుందనే భయానికి ఆధారం లేదు. గ్లాసులో టీ వేడిగా ఉంటుంది. కడుపులోకి వెళ్లాక అది ఒంటి వేడికి వచ్చేస్తుంది. ముట్టు రక్తం వచ్చేది గర్భసంచి నుంచి. టీ వెళ్లేది కడుపులోకి. కాబట్టి ముట్టులో ఉన్న ఆడది టీ తాగితే పాపమూ కాదు, కీడూ కాదు.

అయితే ముసలమ్మ మాటలో ఒక జాగ్రత్త ఉంది. టీలో కెఫీన్ అనే పదార్థం ఉంటుంది. అది నిద్రను చెడగొడుతుంది. కొందరికి గుండె దడ, చిరాకు తెస్తుంది. ముట్టు రోజుల్లో అసలే ఒళ్లు నొప్పులు, నడుం నొప్పి. రాత్రి నిద్ర కూడా లేకపోతే మరునాడు పని ఎలా సాగుతుంది? పొద్దుపోయాక టీ మానడం మంచిది.

రెండో ఆమె మాట

వేడిగా ఏదైనా తాగితే కొందరికి హాయిగా ఉంటుంది. అది నిజమే. అందులో అల్లం ముక్క దంచి వేసుకుంటే కొంత సాయం చేస్తుంది. కానీ ఆ హాయి టీ ఆకు వల్లే రావాలని లేదు. అల్లం వేసి మరిగించిన నీళ్లు తాగినా అంతే. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, పొత్తికడుపు మీద వేసుకున్నా నొప్పి సర్దుకుంటుంది.

పరగడుపున టీ మీద టీ తాగితే మాత్రం కడుపులో మంట, పులితేన్పులు వస్తాయి. అప్పుడు ముట్టు నొప్పికి ఈ నొప్పి తోడవుతుంది.

ఉభాల పిల్ల మాట

"ఆ మూడు రోజులూ టీయే తిండి." ఈ మూడో మాట వినడానికి మామూలుగా ఉంటుంది. కానీ మూడింటిలో ప్రమాదం ఉన్నది ఇందులోనే. ఎందుకో తెలియాలంటే ముందు ఒక లెక్క తెలియాలి. డబ్బు లెక్క కాదు, రక్తం లెక్క.

నెలకు పోయేదెంత?

ముట్టులో పోయే రక్తం చూడటానికి ఎక్కువగా కనబడుతుంది. ఎక్కువ మందికి పోయేది సుమారు 30 నుంచి 40 మిల్లీలీటర్లు. అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. ఆరోగ్యంగా ఉన్న ఆడదానికి ఇది సహజం. భయం లేదు.

కానీ రక్తంతో పాటు ఇనుము కూడా పోతుంది. రక్తానికి ఎరుపు ఇచ్చేది ఇనుము కలిసిన పదార్థమే. దాని పేరు హిమోగ్లోబిన్. మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసేది అదే. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. కాబట్టి ప్రతి నెలా ముట్టులో సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము బయటకు పోతుంది.

ఈ నష్టం మగవాడికి లేదు. అందుకే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. మగవాడి తిండిలో రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. ముట్టు వచ్చే వయసు ఆడదాని తిండిలో 29 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే ఇనుము ఉన్న కూర, గుడ్డు, చేప ఇంట్లో ముందు ఎవరి పళ్లెంలో పడాలి? ఆడదాని పళ్లెంలో. మరి పడుతున్నది ఎవరి పళ్లెంలో? ఆ జవాబు ప్రతి ఇంటికీ తెలుసు. మగవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక, అడుగున మిగిలిందే ఆమెకు.

దాని ఫలితం కూడా లెక్కల్లో ఉంది. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి సుమారు 59 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. ఒక పొదుపు సంఘంలో 10 మంది ఉన్నారనుకోండి. ఈ లెక్కన వారిలో ఆరుగురు రక్తం తక్కువ వాళ్లే. పేరు పిలిస్తే పలుకుతారు, నడుస్తారు, పని చేస్తారు. కానీ మెట్లు ఎక్కితే ఆయాసం. ఎండలో నిలబడితే కళ్లు తిరగడం. "ఏటో అప్పా, ఒంట్లో సత్తువ నేదు" అనడం. దాన్ని బద్ధకం అనకండి. అది జబ్బు.

వగరు చేసే పని

ఇప్పుడు టీ దగ్గరకు వద్దాం. డికాషన్ నోట్లో పెడితే వగరు తగులుతుంది. పచ్చి అరటికాయలో ఉన్నదీ వగరే. కరక్కాయలో ఉన్నదీ వగరే. వగరుకూ ఇనుముకూ ఒక అలవాటు ఉంది. రెండూ కలిస్తే గట్టిగా అంటుకుంటాయి, నల్లబడతాయి. ఇనుప కత్తిపీట మీద అరటికాయ తరిగితే కత్తి నల్లబడటం అందరూ చూసిందే.

పూర్వం పల్లెల్లో సిరా తయారు చేసుకునేవారు. కరక్కాయ వగరులో అన్నభేది కలిపేవారు. అన్నభేది అంటే ఒక రకం ఇనుప ఉప్పు. రెండూ కలిస్తే నల్లని సిరా. ఆ సిరాతో రాసిన అక్షరం చెరిగేది కాదు. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలో ఉండేదీ ఆ జాతి ఇనుప ఉప్పే.

అంటే అన్నం తింటూ టీ తాగితే, లేదా మాత్ర టీతో మింగితే, కడుపులో కూడా సిరా లాంటి పనే జరుగుతుంది. తిండిలోని ఇనుమును టీలోని వగరు పట్టేసుకుంటుంది. అలా పట్టేసిన ఇనుము రక్తంలోకి వెళ్లదు. దొడ్డికి పోతుంది. కాగితం మీద సిరా మంచిది. కడుపులో సిరా మంచిది కాదు.

ఇది ఊహ కాదు. 1975లో దక్షిణాఫ్రికా పరిశోధకులు మనుషుల మీద పరీక్ష చేసి చూశారు. రొట్టెతోనూ, అన్నంతోనూ టీ ఇచ్చారు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం బాగా తగ్గింది. 2008లో బెంగళూరు పరిశోధకులు యువతుల మీద ఇలాంటి పరీక్షే చేశారు. అన్నంతో పాటు టీ తాగితే ఒంటికి పట్టే ఇనుము సుమారు సగానికి పడిపోయింది. అదే తిండితో సి విటమిన్ ఇస్తే ఇనుము ఎక్కువ పట్టింది. సి విటమిన్ అంటే నిమ్మకాయలో, జామకాయలో ఉండేదే.

"పాలు పోసిన టీ అయితే?" అని కొందరు అడుగుతారు. పాలు పోసినా ఈ గుణం పోదు.

సంఘంలో ఒకసారి పరీక్ష చేసి చూడవచ్చు. పాలు లేని డికాషన్ ఒక గాజు గ్లాసులో పోయండి. ఒక ఇనుము మాత్ర నూరి అందులో కలపండి. కాసేపటికి రంగు నల్లగా మారుతుంది. తర్వాత దాన్ని పారబోయండి. ఎవరూ తాగకూడదు. మాత్రలు చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. పిల్లలు ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు.

టీ రాక ముందు ఏం తాగేవారు?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో టీ ఎప్పటి నుంచో ఉన్నది కాదు. పొద్దున్నే తాగేది చోడి అంబలి. లేదంటే గంటెల అంబలి, చద్దన్నం, తరవాణి. పొలానికి పోయే ఆడది కుండలో అంబలి పట్టుకుపోయేది. 100 గ్రాముల చోళ్లలో సుమారు 4న్నర మిల్లీగ్రాముల ఇనుము ఉంది. గంటెల్లో, అంటే సజ్జల్లో, 6 మిల్లీగ్రాములు దాటి ఉంది. మర పట్టిన తెల్ల బియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. టీ గ్లాసులో ఎంత ఉంది? లెక్కకు వచ్చేంత లేదు. ఆకలి చంపేస్తుంది, అంతే.

టీ వెనక ఈ ప్రాంతపు ఆడవాళ్ల చెమట కూడా ఉంది. తెల్లవాళ్ల కాలంలో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు అస్సాం టీ తోటలకు కూలికి పోయాయి. అక్కడ ఆకు కోసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఇప్పటికీ అస్సాం తోటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. ఒకప్పుడు వలస పోయి కోసిన ఆకు, తర్వాత పొట్లంలో కట్టి ఊరి కొట్టుకు వచ్చింది. అంబలి కుండ పక్కకు పోయింది.

టీ తాగడం తప్పు కాదు. అంబలి స్థానంలోకి టీ రావడమే తప్పు.

వంటిల్లు మూసిన మూడు రోజులు

ఇప్పుడు ఉభాల పిల్ల సంగతి చూద్దాం. ముట్టు వచ్చింది. కొన్ని ఇళ్లలో వంటింట్లోకి రానివ్వరు. కుండ ముట్టుకోనివ్వరు. ఆమె పెరట్లోనో, వరండాలోనో కూర్చుంటుంది. ఎవరైనా పెడితే తినాలి. లేకపోతే లేదు. అడగాలంటే సిగ్గు. పొద్దున్న ఒక గ్లాసు టీ దూరం నుంచి పోస్తారు. "అది తాగీసి పనికి ఎల్లిపో" అంటారు. వంట ముట్టుకోవడానికి అంటు ఉంది. ఊడ్పుకు మాత్రం అంటు లేదు! నడుం వంచి పొద్దంతా మడిలో నాటుతుంది. పదకొండు గంటలకు రైతు ఇంటి నుంచి మళ్లీ టీ వస్తుంది. సాయంత్రం మళ్లీ టీ. చేప పెట్టరు, గుడ్డు పెట్టరు. "ఆ రోజుల్లో నీసు తినకూడదు" అంటారు.

చూడండి. ఇనుము పోయేది ఆ రోజుల్లోనే. ఇనుము ఉన్న తిండి ఆపేసేదీ ఆ రోజుల్లోనే. ఉన్న కాస్త ఇనుమును పట్టేసే టీ ఎక్కువ తాగేదీ ఆ రోజుల్లోనే. నెల నెలా ఇలా జరిగితే ఏమవుతుంది? అప్పు తీర్చకుండా మళ్లీ మళ్లీ అప్పు చేసినట్టు అవుతుంది. వడ్డీ పెరిగిపోతుంది. ఆ అప్పు వసూలయ్యేది కాన్పు నాడు. కాన్పులో ఎంతోకొంత రక్తం పోతుంది. ఒంట్లో రక్తం ఉన్న తల్లి తట్టుకుంటుంది. లేని తల్లి తట్టుకోలేదు. ఆమె ప్రాణమే పోవచ్చు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు.

ముట్టు అంటు కాదు, జబ్బు కాదు. బిడ్డను మోయడానికి గర్భసంచి ప్రతి నెలా తయారవుతుంది. బిడ్డ లేకపోతే ఆ పొర రాలిపోతుంది. అదే ముట్టు. ఇందులో మైల ఏముంది? ఆచారం ఒక్క రోజులో మారదని అనేవాళ్లు ఉంటారు. సరే. కనీసం ఒక్క మాట మారాలి. దూరంగా కూర్చున్నా సరే, ఆమె పళ్లెంలో అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు పడాలి. అత్తగారు పెట్టినా, ఆడబిడ్డ పెట్టినా, మొగుడు పెట్టినా పుణ్యమే.

మరి టీ ఎప్పుడు తాగాలి?

టీ మానేయమని ఎవరూ అనరు. వేళ మార్చుకోమంటారు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఒక సలహా ఇచ్చింది. భోజనానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట టీ, కాఫీ తాగవద్దని చెప్పింది. ముట్టు రోజులకే కాదు, అన్ని రోజులకూ ఇదే మాట.

పొద్దున్న ముందు అంబలి తాగాలి, లేదా చద్దన్నం తినాలి. గంట దాటాక టీ తాగవచ్చు. మధ్యాహ్నం అన్నంలో నిమ్మకాయ పిండుకోవాలి. తోటకూర, మునగాకు పెరట్లో ఉంటే కొనే పని లేదు. ఉలవలు, పప్పులు, గుడ్డు, మాంసం, ఎండుచేపలు, ఏది దొరికితే అది. చోళ్లు మొలకెత్తించి పిండి పట్టినా, పిండి పులియబెట్టి అంబలి కాచినా అందులోని ఇనుము ఒంటికి ఇంకా బాగా పడుతుంది. పెద్దలు అంబలి పులియబెట్టింది ఊరికే కాదు.

రైతు ఇంటి నుంచి కూలీలకు టీ వస్తే? నలుగురూ కలిసి అడగండి. "బాబూ, టీ కాదు, అంబలి పంపండి" అనండి. ఒక్కరు అడిగితే కసురుతారు. పదిమంది అడిగితే ఆలోచిస్తారు.

మాత్ర మాట

ఇనుము మాత్రలు ఉపకేంద్రంలో ఇస్తారు. ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడగండి. బడికి వెళ్లే ఆడపిల్లలకు వారానికి ఒక నీలం మాత్ర. గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజూ ఒక ఎర్ర మాత్ర, 180 రోజులు. కాన్పు తర్వాత మరో 180 రోజులు.

చాలా ఇళ్లలో ఈ మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. "వికారంగా ఉంటాది" అంటారు. "దొడ్డికి నల్లగా అవుతాది" అంటారు. నల్లగా అయితే భయం లేదు. మిగిలిన ఇనుము అలా పోతుంది. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి. నీళ్లతో, వీలుంటే నిమ్మనీళ్లతో మింగాలి. టీతో, పాలతో మింగకూడదు. మాత్రకు ముందు, తర్వాత రెండేసి గంటలు టీ వద్దు.

ఇంకో దొంగ కడుపులోని కొంకి పురుగు. చెప్పులు లేకుండా మట్టిలో తిరిగితే కాలి గుండా ఒంట్లోకి వస్తుంది. పేగుకు అతుక్కుని రక్తం తాగుతుంది. మరుగుదొడ్డి వాడాలి, చెప్పులు వేసుకోవాలి. నర్సమ్మను అడిగి నులిపురుగుల మాత్ర వేసుకోవాలి.

నొప్పి బిళ్లలతో జాగ్రత్త

కొట్టులో నొప్పి బిళ్ల కొని, పరగడుపున టీతో మింగే అలవాటు కొందరికి ఉంది. ఇది మంచిది కాదు. కొన్ని నొప్పి బిళ్లలు కడుపులో పుండు చేస్తాయి. కిడ్నీలను కూడా దెబ్బతీస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల వాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో వాళ్లకు తెలుసు. డాక్టరును అడగకుండా నొప్పి బిళ్ల వేసుకోవద్దు.

ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి?

గంట గంటకూ గుడ్డ మార్చాల్సి వస్తే, ముట్టు 7 రోజులు దాటితే, రక్తం పెద్ద ముద్దలుగా పడితే, కళ్లు తిరిగి పడిపోతే, ముట్టు ఆగిపోయిన వయసులో మళ్లీ రక్తం కనబడితే, ఆలస్యం చేయకూడదు. అప్పుడు టీ మానడం వల్లా, తాగడం వల్లా ఏమీ కాదు. డాక్టరే చూడాలి.

రక్త పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. చీటీ మీద ఒక అంకె రాసి ఇస్తారు. మామూలు ఆడవాళ్లకు ఆ అంకె 12కు తగ్గకూడదు. గర్భిణికి 11కు తగ్గకూడదు. ఇప్పుడు చదువు వచ్చింది కదా! ఆ అంకె ఎవరో చదివి చెప్పే దాకా ఆగనక్కర లేదు. చీటీ తీసుకోండి. అంకె చదవండి. తక్కువ ఉంటే "నాకేటి సెయ్యాలి?" అని అక్కడే అడగండి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆలోచించండి, సంఘంలో మాట్లాడండి

1. మీ ఇంట్లో ముట్టు రోజుల్లో ఆడవాళ్లకు ఏం పెడతారు? ఏం పెట్టరు? ఎందుకు?
2. మీ సంఘంలో ఎంతమందికి తమ రక్తం అంకె తెలుసు?
3. పొద్దున్న అంబలి, గంట తర్వాత టీ. ఈ పద్ధతి ఒక నెల పాటిస్తారా?
4. పనిచోట టీకి బదులు అంబలి అడగాలంటే ఎవరెవరు కలిసి వెళ్లాలి?